వినేదాకా మైల లేదు

కృత్తిక, మూడో పాదం

గాలి తూర్పు, నెమ్మది. మంచు పల్చన. వలలన్నీ నిలబడే ఉన్నాయి. తెల్లారగానే తూము తిప్పాను.

మంచు పట్టే వలలు కాసి, దోనెల్లోకి కారిన నీళ్ళు కింద ఏడూళ్ళకి వదిలే కొండకాపు రూలు ప్రకారం రాయాల్సింది ఇంతే. కానీ ఈ ఏడు చామలమెట్ట మీద మాట్లాడ్డానికి నాకు కొండముచ్చులు తప్ప ఎవరూ లేరు. అందుకని నోట్లో ఊరిన మాటలన్నీ ఇక్కడే రాసేస్తాను. తర్వాత వచ్చే కాపుకి విసుగు పుడితే నాలుగు కాగితాలు ఒకేసారి తిప్పేసుకోవచ్చు, నేనేమీ అనుకోను.

అసలు మెట్ట మీద ఇద్దరుండాలి. ఇద్దరివీ వేరు వేరు ఇంటిపేర్లయి ఉండాలి. ఒకడికి మైల వస్తే రెండోవాడు తూము తిప్పుతాడని ఆ ఏర్పాటు. నాకు జంటగా రావలసిన బెవర కూర్మారావు, సముద్రపు గోడ కట్టడానికి మనుషులు కావాలని కబురు రాగానే మూట కట్టుకుని చక్కాపోయాడు. ఏడూళ్ళ పెద్ద దాలినాయుడు నా దగ్గరికి వచ్చి, "ఒక్కడివీ సేసీగలవురా పోలినాయుడూ, నీకేటి, నీ అంత పనోడు ఈ సుట్టుపక్కల ఎవుడున్నాడు?" అన్నాడు. పొగిడితే కూలిపోయే జబ్బు నాకు పుట్టుకతో ఉంది. సరేనన్నాను.

నేను ఎక్కిన సాయంత్రమే కింద దారి మూసేశారు. ఇక కింద రోళ్ళు పగిలే ఎండ, పైన మంచు ఉండే ఈ కార్తెలు అయ్యేదాకా పైకి మనిషి రాడు, నేను కిందికి దిగను. తాడుబుట్టలో అంబలికి చోడిపిండి, మెత్తళ్ళ ఎండుచేపలు, ఉప్పు వస్తాయి. పొద్దు గూకే వేళకి తీగలో మాటలు వస్తాయి.

రోహిణి, మొదటి పాదం

గాలి తూర్పు. మంచు దట్టం. దోనెలు మధ్యాహ్నం దాకా కారాయి.

పొద్దుటంతా వలల నాచు గీకాను. నాచు పడితే దారాలు నీళ్ళను వదలవు, అవే తాగేస్తాయి. వెదురుబద్దతో పైనుంచి కిందికి గీకాలి. కింది నుంచి పైకి గీకితే చిరుగుతాయి. ఈ సంగతి నాకు నేర్పింది మా అన్న సూర్నాయుడు. నేర్పడమంటే, నేను చింపినప్పుడల్లా నెత్తిన ఒకటి మొట్టాడు.

అన్న ఇప్పుడు మెట్ట ఎక్కడు. దుమ్ము తిని గొంతు పాడైంది, ఊపిరితిత్తులు కూడా పాడయ్యాయి. అడుగున కొట్టంలో కూర్చుని, ఏ ఊరికి ఎప్పుడు నీళ్ళో వంతులు పలుకుతాడు. బొంగురు గొంతు ఏడూళ్ళకీ వినపడదు కాబట్టి పలుకుపెట్టె ఇచ్చారు. దుమ్ముజబ్బు వాళ్ళందరికీ ఇస్తారు దాన్ని. దాని ముందు ఎవరు గుసగుసలాడినా, ఆ పెట్టె యజమాని వెనకటి గొంతుతో ఖంగుమని పలుకుతుంది. అన్న పెట్టె అన్న పాతికేళ్ళ నాటి గొంతుతో పలుకుతుంది. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం పెట్టె పక్కకి తోసేస్తాడు. ఊరికి పెట్టె, నాకు గొంతు.

"ఒరే ఎద్దూ, ఏటి తిన్నావు?"

"అంబలి."

"రోజూ అంబలేనేటి? మెత్తళ్ళు పంపినాను కదరా, కొండముచ్చులకి ఏసీసినావేటి?" అని, దగ్గు తెరలు తెరలుగా వచ్చి, అది ఆగాక మళ్ళీ తిట్టు ఎక్కడ ఆపాడో అక్కడే అందుకున్నాడు. వెనక నుంచి వదిన ఆదెమ్మ, "ఆడికి బుద్ధి సెప్తే నీకు దగ్గొస్తాది గానీ ఆడికి బుద్ధి రాదు, ఊరుకో" అంది. వాళ్ళకి పిల్లల్లేరు. నాకు పెళ్ళి కాలేదు. మా ముగ్గురి ఇల్లు అలా తిట్లతోనే నడిచిపోయింది ఇన్నేళ్ళూ.

తీగ పెట్టేశాక చాలాసేపు అక్కడే కూర్చున్నాను. మెట్ట మీద నిశ్శబ్దం నాకు కొత్తేమీ కాదు. ఈసారి ఎందుకో పడటం లేదు.

రోహిణి, మూడో పాదం

గాలి తూర్పు. మంచు మామూలు. ఉత్తరపు వల గుంజ ఊగుతుంటే రాయి దోపాను.

మొన్నా నిన్నా తీగ పలకలేదు. ఎక్కడో తెగిందన్నారు. ఈ సాయంత్రం మోగగానే ఉరికి ఎత్తాను. అన్నే. కానీ పెట్టెలోంచి మాట్లాడాడు.

"గొంతుకి శ్రమ ఇవ్వొద్దన్నాడు వైద్యుడు. ఇకమీదట నీతో కూడా పెట్టెలోంచే మాటాడతాను" అన్నాడు.

ఖంగుమన్న గొంతు. దగ్గు లేదు. మాట మాటకీ మధ్య ఆయాసం లేదు. మందు పట్టిందన్నమాట. నాకు ఎంత సంతోషం వేసిందంటే, దాచుకున్న బెల్లం ముక్క తీసి కొండముచ్చుల పెద్దకి విసిరాను. అది వాసన చూసి పారేసింది. దానికెప్పుడూ నా మీద చిన్నచూపే.

రోహిణి, నాలుగో పాదం

గాలి తూర్పు. మంచు మామూలు.

అన్నలో ఏదో తేడా ఉంది. "తమ్ముడూ, బాగున్నావా? జాగర్తగా ఉండు" అంటున్నాడు. ఏభై ఏళ్ళలో నన్ను తమ్ముడూ అని పిలవలేదు మనిషి. వలకి చిరుగు పడిందని నేనే చెప్పాను, తిడతాడేమో చూద్దామని. "పోనీలే, కుట్టుకో" అన్నాడు.

జబ్బు మనిషిని మెత్తబరుస్తుందంటారు. అలాంటి మెత్తదనం నాకు అక్కర్లేదు. "ఏటన్నా, తిట్టట్లేదు? నాను సచ్చిపోతన్నానని ఎవుడైనా సెప్పినాడేటి?" అన్నాను.  "రేపు తిడతానులే" అన్నాడు.

వదినని ఒకసారి పిలవమన్నాను. పనిలో ఉందన్నాడు. నిన్నా పనిలోనే ఉంది.

మృగశిర, మొదటి పాదం

గాలి తూర్పు. మంచు దట్టం. తూము తెల్లారి తిప్పాను. ఇది సాయంత్రం మాటల తర్వాత రాస్తున్నాను. 

అన్న మాట నిలబెట్టుకున్నాడు. తీగ ఎత్తగానే మొదలుపెట్టాడు.

"ఏరా, నీ జిమ్మడ! వల సింపీసినావంట! నీ తల్లి కడుపు కాల, కళ్ళు నెత్తికెక్కినాయేట్రా నీకు!"

ముందు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఉన్నాను, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

అన్న నన్ను ఎద్దన్నాడు, గొర్రె అన్నాడు, ఎదవన్నర ఎదవ అన్నాడు. మా నాన్న ముందు అన్నాడు, నలుగురి ముందూ అన్నాడు. కానీ ఏనాడూ అమ్మ కడుపు జోలికి పోలేదు. ఎలా పోతాడు? అన్న పుట్టిందీ ఆ కడుపునే. ఒక తల్లి బిడ్డలు ఆ తిట్టు తిట్టుకోరు. బయటి నుంచి ఇంట్లోకి వచ్చిన మనిషే ఆ తిట్టు తిట్టగలదు. మా ఇంట్లో ఆ తిట్టు ఒక్కరి నోటే విన్నాను. అన్న చుట్ట నిప్పు తగిలి చాప కాలినప్పుడు వదిన ఆయన్ని తిట్టింది అలా.

అవతల పెట్టె ముందు కూర్చున్నది వదిన. నేను తిట్టమన్నానని, తనకి వచ్చిన తిట్లే వెతికి తెచ్చుకుని అన్న గొంతుతో తిడుతోంది.

వదిన అలా ఎందుకు చెయ్యాలి? దానికి ఒక్కటే జవాబు. తీగ తెగిందన్న ఆ రెండు రోజుల్లోనే అయిపోయి ఉంటుంది.

"సరే అన్నా, కుట్టేసుకుంతాను" అని తీగ పెట్టేశాను. 

మృగశిర, రెండో పాదం

గాలి తూర్పు. మంచు మామూలు. తూము ఆలస్యంగా తిప్పాను.

ఎందుకు ఆలస్యమయిందో కూడా రాస్తాను. చక్రం మీద చెయ్యి వేశాను. తిప్పలేకపోయాను.

నీళ్ళ జబ్బు వచ్చిన ఏడాది మా ఊళ్ళలో చావు వచ్చిన ఇళ్ళవాళ్ళు నీళ్ళు ముట్టుకోబట్టి మిగతా ఇళ్ళు పోయాయి. అప్పటి నుంచి మాకు మైలంటే పూజకి సంబంధించింది కాదు, నీటి చట్టం. ఇంటిపేరులో చావు అయితే, పది రోజులూ గడిచి శుద్ధి అయ్యేదాకా తూమూ వలా దోనే ముట్టకూడదు. దూరాన ఉన్నవాడికి మైల విన్నప్పటి నుంచి. వినేదాకా మైల లేదు. శవాన్ని తాకనివాడికి ఎందుకయ్యా మైల అని ఒకసారి దాలినాయుణ్ణి అడిగాను. "రూలంటే రూలురా" అన్నాడు. తెలివితక్కువ రూలని నాకూ తెలుసు. అయినా తాతల నాటి నుంచి ఒంట్లోకి ఎక్కిన భయం, తెలివి చెబితే దిగిపోదు.

కింద వాళ్ళు ఎందుకు దాచారో చెప్పక్కర్లేదు. కూర్మారావు లేడు. నాకు మైల వస్తే వలలు ముట్టేవాడు లేడు. దారి మూసేశారు, తెరిచినా ఈ పని తెలిసినవాడు కింద లేడు. కుండల్లో ఉన్న నీళ్ళు నాలుగు రోజులకి మించి రావు. ఏడూళ్ళ పసిపిల్లలు నా చేతి మీద బతుకుతున్నారు. నాకు చెప్పకపోవడమే దారి అనుకుని ఉంటారు. వాళ్ళ స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణేమో.

కానీ ఇంకోటి ఉంది. అన్నకి పిల్లల్లేరు. దినం పెట్టి నీళ్ళు వదలాల్సింది నేనే. నేను వినలేదు కాబట్టి అన్నకి ఇంకా ఎవరూ నీళ్ళు వదిలి ఉండరు. ఏడూళ్ళకీ నీళ్ళు వదులుతున్నాను, మా అన్నకి తప్ప.

నాకెవరూ చెప్పలేదు, నేను వినలేదు, అని చేతికి నచ్చజెప్పి నచ్చజెప్పి చక్రం తిప్పాను. నీళ్ళు దిగాయి. ఆ తర్వాత గుడిసె వెనక్కి పోయి, ఏడవబోయి, ఏడిస్తే విన్నట్టే లెక్కేమోనని ఆపుకున్నాను. ఇంత వెర్రి మనిషిని నేనే.

మృగశిర, మూడో పాదం

గాలి తూర్పు. మంచు దట్టం.

ఒక ఆలోచన వచ్చింది. మెట్ట అడుగున రాతితో కట్టిన పెద్ద తొట్టి ఉంది. వంతులు అయ్యాక మిగిలిన నీళ్ళు అందులోకి పోతాయి. మిగలడమంటూ ఉంటేగా, అందుకే దాన్ని నిండగా చూసినవాళ్ళెవరూ లేరు. దాని తూము కింద వాళ్ళే తిప్పుకోవచ్చు, నా చెయ్యి అక్కర్లేదు. అది నిండితే ఏడూళ్ళకీ మైల రోజులు గడుస్తాయి. అప్పుడు నాకు చెప్పొచ్చు. అప్పుడు నేను వినొచ్చు.

పడమటి గట్టు మీద వలలు కట్టడం మానేసి చాలా కాలమైంది. అక్కడ గాలి ఎదురు తిరుగుతుంది, మనిషిని నెట్టేస్తుంది. కానీ మంచు అక్కడే ఎక్కువసేపు నిలుస్తుంది. పాత వలలు గుడిసె అటక మీద ఉన్నాయి. దించాను. సగానికి సగం చిల్లులు. చిల్లులకి గోనె ముక్కలు కుడుతున్నాను. గోనె అయిపోతే నా దుప్పటి ఉంది.

సాయంత్రం తీగలో అన్న గొంతు మళ్ళీ తిట్టింది. ఈసారి తల్లి కడుపు లేదు. తప్పు జరిగిందని తనకే అనిపించిందో ఏమో. చెంబు తన్నేశానని తిట్టింది. నేను ఏ చెంబూ తన్నలేదు. పాపం, తిట్టడానికి కారణం దొరకలేదు వదినకి.

మృగశిర, నాలుగో పాదం

గాలి తూర్పు, పగలు తిరిగింది. మంచు దట్టం.

పడమటి గట్టున మూడు వలలు నిలబెట్టాను. రెండోది కడుతుంటే గాలి గుంజతో సహా నన్ను ఎత్తింది. రాతి మీద పడ్డాను, మోచెయ్యి చీరుకుపోయింది. అక్కడ పడి ఎముక విరిగితే నన్ను చూసేవాడు లేడు. సాయంత్రం తీగ ఎత్తకపోతే తప్ప కింద ఎవరికీ తెలియదు. అలా పడుకుని ఆకాశం చూస్తూ, చాలా భయపడ్డాను. ఇలాంటి భయం ఇదివరకు లేదు. కింద అన్న ఉన్నాడన్న ధైర్యం ఇన్నాళ్ళూ నన్ను ఎంత మోసిందో అప్పుడు తెలిసింది.

లేచి మూడోది కట్టాను. కొత్త దోనెల్లో నీళ్ళు పడ్డాయి. వంతులన్నీ అయ్యాక కూడా తూములో పారకం ఆగలేదు. మిగిలిందంతా అడుగు తొట్టిలోకి పోయింది.

ఆరుద్ర, మొదటి పాదం

గాలి తూర్పు. మంచు దట్టం. తొట్టి సగానికి దగ్గరయిందట.

అయిందట అని ఎవరు చెప్పారంటే, దాలినాయుడు. తీగలో వచ్చాడు, నోరంతా నవ్వుగా.

"ఓరి పోలినాయుడూ, ఏటి మాయ సేసినావురా! తొట్టిలో నీళ్ళు సూసి ఆడోళ్ళు పాటలు పాడతన్నారు. మా ఊరోళ్ళు వంగ నారు పోసుకుందామంతన్నారు. కూర తిని ఎన్నాళ్ళయినాదో."

"ఒద్దు. తొట్టి నీళ్ళు ఎవురూ ముట్టుకోకూడదు."

"అదేట్రా? నిండుతున్నాది కదా?"

"నిండాల. పూరా నిండాల."

"ఎందుకూ?"

ఏమని చెప్పను? నువ్వు దాచిన కబురు వినడానికని చెప్పనా? చెబితే అక్కడితో విన్నట్టే. నోరు జారకుండా ఉండాలంటే అరవడమొకటే నాకు తెలిసిన దారి. "కొండమీద నా మాటే మాట! ఒక్క చెంబు ముంచినా రేపు తూము తిప్పను" అని అరిచాను.

"పైనుంటే గీర ఎక్కిపోతాది మనిషికి" అని తీగ పెట్టేశాడు. పాపం, వంకాయ కూర కోసం అడిగినవాణ్ణి అంత మాట అన్నాను. నాకూ వంకాయ కూర తినాలనే ఉంది.

ఆరుద్ర, రెండో పాదం

గాలి తూర్పు. మంచు మామూలు.

ఈ సాయంత్రం మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తాను.

తీగ ఎత్తగానే అన్న గొంతు, "దాలినాయుడు అన్నియ్య బాధపడతన్నాడు. ఆ తొట్టి నిండాలని నీకెందుకంత పట్టుదల?" అంది. అన్న దాలినాయుణ్ణి బావ అంటాడు. అన్నియ్య అనేది వదిన. నేను ఎరగనట్టే ఊరుకున్నాను.

"అలిసిపోనాను అన్నా. తొట్టి నిండితే తూము మూసీసి పది రోజులు కూకుంతాను."

పది రోజులని అనకూడదనుకుంటూనే అన్నాను. అనేశాను.  పెట్టె గుసగుసని మాటగా మారుస్తుంది గానీ ఏడుపుని మార్చదు. ఏడుపు ఎలా ఉంటే అలాగే వస్తుంది, సన్నగా. ఎవరిదో నాకు తెలుసు.

చాలాసేపటికి అన్న గొంతు, "ఎన్నాళ్ళ నుంచి అలిసిపోనావు?" అంది.

"నువ్వు నన్ను అమ్మ కడుపు పెట్టి తిట్టిన కాడి నుంచి."

 వెంటనే మాట మార్చాను. "అన్నా, వదిన తింతన్నాదా?"

"తింతన్నాది."

"అబద్ధం సెప్పకు."

"పొద్దుట గంజి తాగినాది."

"గంజి సాలదు. మెత్తళ్ళు నాకు పంపడం మానీసి ఆవిడ్ని తినమను. నువ్వు సెప్పు అన్నా. ఈ లోకంలో నాకు ఆవిడ తప్ప..." అని ఆగాను. నువ్వూ వదినా తప్ప అనాలి కదా. తప్పయిపోయింది. దిద్దుకోబోయాను, మాట రాలేదు.

"సెప్తాను. నువ్వు పడమటి గట్టు మీద జాగర్త. ఒక్కడివి" అంది అన్న గొంతు. పెట్టెలో మాటకి తడి ఉండదంటారు. ఉంది.

పొద్దు పూర్తిగా గూకకముందే వంతులు పలికింది. చివర్న, రూలులో లేని ఒక మాట కలిపింది. తొట్టి నీళ్ళు ముట్టుకున్న ఊరికి వంతు ఉండదు అని. ఆ గొంతు మా అన్నది, ఆ ధైర్యం వదినది. మెట్ట మీద నిలబడి విన్నాను. ఏడూళ్ళూ విన్నాయి. ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఆరుద్ర, నాలుగో పాదం

గాలి పడమర. వేడి. మంచు లేదు.

నిన్నా లేదు. మొన్నా లేదు. ఈ కార్తెలో ఇలా జరగకూడదు. వలలు ఎండి గలగలమంటున్నాయి. దోనెల నీళ్ళు చేరే పై తొట్టి అడుగుకి వచ్చింది. ఉన్నదాన్ని గీకి గీకి వంతుకి సగం చొప్పున వదిలాను.

అడుగు తొట్టి నిండడానికి ఇంకా మనిషి లోతు ఉంది. కింద గొడవ మొదలయింది. తొట్టిలో నీళ్ళుండగా గొంతులెండడమేమిటని. వాళ్ళది తప్పు కాదు. దాలినాయుడు తీగలోకి వచ్చి, "పసిపిల్లలకైనా ముంచుకోనీరా" అన్నాడు. పసిపిల్లలంటే ఏమనను? "ముంచుకో" అన్నాను.  ఎప్పటికి నిండుతుంది, ఎప్పటికి వింటాను?

సాయంత్రం వదిన మాట్లాడింది, అన్న గొంతుతోనే. ఎవరూ ముంచలేదని చెప్పింది. పిల్లలకి తన వంతు నీళ్ళు ఇచ్చేసిందట. తర్వాత దాలినాయుడు కూడా తన ఇంటి కుండ తెచ్చి అక్కడ పెట్టాడట. అది చూసి మిగతా ఇళ్ళవాళ్ళు వరసగా తలో చెంబూ తెచ్చారట. ఏమీ అనకుండానే.

"ఆళ్ళకి తెలుసునేటి?" అన్నాను.

"అందరికీ తెలుసురా" అంది.

ఏడూళ్ళకీ తెలుసు, నాకు తెలుసునని. నాకు తెలుసు, వాళ్ళందరికీ తెలుసునని. అయినా ఒక్కరూ ఆ మాట అనలేదు, ఎండిన గొంతులతో నాకోసం నీళ్ళు కాపలా కాస్తున్నారు. వాళ్ళ మీద ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్న కోపం పోయింది. ఒంటరితనం మాత్రం పోలేదు. అది కోపం లాంటిది కాదు.

పునర్వసు, మొదటి పాదం

గాలి తూర్పుకి తిరిగింది. మంచు ఎన్నడూ లేనంత దట్టం.

తెల్లవారుజామున వలలు చప్పుడు చేస్తుంటే మెలకువ వచ్చింది. చెయ్యి చాస్తే చెయ్యి కనపడలేదు. పడమటి గట్టు మీదికి పాక్కుంటూ వెళ్ళాను. దుప్పటి కుట్టిన వల బరువుకి వంగిపోతుంటే, గుంజని భుజానికి ఆనించి మధ్యాహ్నం దాకా అలాగే నిలబడ్డాను. నీళ్ళు నెత్తి మీంచి, మెడ మీంచి దోనెలోకి కారాయి. అరుస్తూ నిలబడ్డాను. ఏమని అరిచానో రాయను. అక్కడ వినేవాడు లేడు గనక కొంచెం ఏడ్చాను కూడా, ఎవరూ చెప్పకుండానే. అది లెక్కలోకి రాదనుకుంటాను.

పునర్వసు, రెండో పాదం

గాలి తూర్పు. మంచు దట్టం.

పొద్దున దాలినాయుడు తీగలో రెండే మాటలు అన్నాడు. "నిండిపోనాదిరా, పొర్లతన్నాది."  ఇంకేదో అనబోయి పెట్టేశాడు.

వంతులన్నీ పూర్తయ్యేదాకా ఆగాను. తర్వాత తూము మూశాను. చక్రానికి తాడు కట్టి ముడి వేశాను. వలల తాళ్ళు ఒక్కొక్కటే వదులు చేసి దించాను, నేను ముట్టని రోజుల్లో గాలికి చిరగకుండా. దోనెలు బోర్లించాను. గుడిసె ఊడ్చాను. అప్పటికి ఇంకా ఎండ ఉంది. చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. తీగ ముందు నిలబడి ఎదురుచూశాను. ఇన్నాళ్ళూ వినాలని కొండ తలకిందులు చేసినవాణ్ణి, ఇప్పుడు మోగకపోతే బాగుండుననుకున్నాను.

మోగింది. ఎత్తాను.

పెట్టె లేదు. చుట్ట తాగి తాగి గరగరలాడే వదిన గొంతు, తనది, ఎన్నాళ్ళకో.

"పోలినాయుడూ, తూము మూసినావా?"

"మూసినాను వదినా."

"వలలు దించీసినావా?"

"అన్నీ దించీసినాను."

"నిలబడే ఉన్నావేటి?"

"ఆఁ."

"కూకో నాయినా. నిలబడి ఇనకు."

కూర్చున్నాను. "సెప్పు వదినా" అన్నాను.

చెప్పింది. మీ అన్న లేడురా, అని మొదలుపెట్టి అంతా చెప్పింది. ఏ పూట పోయాడో, ఏం తాగించబోతే వద్దన్నాడో, ఎవరెవరు మోశారో. నాకు చెప్పొద్దని దాలినాయుడు ఆవిడ కాళ్ళు పట్టుకున్నాడట. పెట్టె ముందు మొదటిసారి కూర్చున్నప్పుడు మొగుడి గొంతు విని తనే లేచి పారిపోయిందట, మళ్ళీ వచ్చి కూర్చుందట. దినం ఎవర్నీ పెట్టనివ్వలేదట. "ఎవురెవురో ఒచ్చి నీళ్ళు ఒదులుతామన్నారు. ఆడి తమ్ముడున్నాడు, ఆడొదులుతాడు అన్నాను" అంది.

 అంతా తెలిసిందే, అయినా ఒక్కో మాటా కొత్తగానే తగిలింది. చివరికి ఆవిడ మాటలు అయిపోయాయి. అప్పుడు తీగకి ఆ చివర ఆవిడా ఈ చివర నేనూ, పగలు వెలుతురు ఉండగానే, గట్టిగా ఏడ్చాం. తీగలోంచి ఏడూళ్ళూ విన్నాయేమో. విననీ.